మా ఇంటి హోమోసిస్టీన్

మా ఆయన నన్ను చేసుకోవడానికి చాలా ముందే హోమోసిస్టీన్‌ని చేసుకున్నారు. పెళ్ళైన కొత్తలో ఈ సంగతి మా అత్తగారే నా చెవిన వేశారు, తర్వాత తెలిసి బాధపడకూడదని. అదెవరో పరాయి దేశపు అమ్మాయి అనుకుని ఒక పూట అన్నం మానేశాను. అమ్మాయైతే ఎప్పటికైనా బుజ్జగించో బెదిరించో పంపేసేదాన్ని. ఇది రక్తంలో ఉండే పదార్థం, నా రక్తంలోనూ ఉందట, ఎక్కడికి పంపను?

అదేమిటో ఇన్నేళ్ళ కాపురంలో నాకు కంఠతా వచ్చేసింది. గుడ్లు, పాలు, మాంసం తింటే అందులోని మాంసకృత్తులు విడిపోయి అమైనో ఆమ్లాలవుతాయి. వాటిలో మెథియొనీన్ అని ఒకటి. ఒంట్లో దాని పని అది చేసుకుని, పోతూ పోతూ హోమోసిస్టీన్‌ని మిగిల్చి పోతుంది. ఫోలిక్ యాసిడ్, బీ పన్నెండు లాంటి విటమిన్లు సరిపడా ఉంటే దాన్ని ఎప్పటికప్పుడు సర్దేస్తాయి. సర్దకపోతే రక్తంలో పేరుకుంటుంది. అలా పేరుకున్నవాళ్ళకి గుండెజబ్బులూ పక్షవాతాలూ ఎక్కువ వస్తున్నాయని పెద్దలు ఎప్పుడో గమనించారు. అయితే జబ్బు తెచ్చేది అదేనా, లేక జబ్బు వచ్చే ఇంటి ముందు ఊరికే నిలబడి ఉంటుందా అన్నది పూర్తిగా తేలలేదు. విటమిన్ మాత్రలిచ్చి అంకె తగ్గించి చూశారు. అంకె తగ్గింది, గుండెపోట్లు మాత్రం ఆశపడినట్టు తగ్గలేదు. ఇదంతా చెప్పింది మా ఆయనే. చెప్పి, "వాళ్ళకి చెయ్యడం రాలేదు" అని తేల్చేశారు.

మా ఆయన ఒక వైద్య పరిశోధన సంస్థలో పెద్ద డాక్టరు. రోగుల్ని చూడరు, వాళ్ళ రక్తాన్ని చూస్తారు. మనిషి ఎదురుగా కూర్చుంటే ఆయనకి ఇబ్బంది. మాట్లాడతాడు, దగ్గుతాడు, ఎప్పుడు తగ్గుతుందని అడుగుతాడు. గొట్టంలో రక్తానికి ఆ గొడవేమీ లేదు. మా వీధిలో ఆయన పేరు అంకె డాక్టరుగారు. దారిలో ఎదురైన వాళ్ళని బాగున్నారా అని అడగరు, ఎంతుంది అని అడుగుతారు. పదిహేను లోపు ఉంటే మంచి మనిషి కింద లెక్క.

ఆయనకి పేరు తెచ్చిన పరిశోధన గృహిణుల మీద జరిగింది. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళలో హోమోసిస్టీన్ ఎంతుంది, ఉద్యోగాలు చేసే వాళ్ళ భర్తల్లో ఎంతుంది అని పోల్చి చూడటం. మగవాళ్ళు ఆఫీసుకి వెళ్తూ సంస్థకే వచ్చి రక్తం ఇచ్చి పోయేవారు. ఆడవాళ్ళని అంత దూరం రప్పించి శ్రమ పెట్టడం ఎందుకని వాళ్ళ దగ్గరికి వ్యాను వెళ్ళేది. ఆ పరిశోధనలో మొదటి మనిషిని నేను, రెండో మనిషి మా అత్తగారు. పొద్దున్నే డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి మా ఇద్దరి రక్తం తీసేవారు. ఆ గొట్టాల్ని జేబురుమాలులో చుట్టి, నేను కట్టిన లంచ్ బ్యాగులో, క్యారియర్ పక్కన జాగ్రత్తగా పెట్టుకునేవారు. మా ఆయన చల్లారిన అన్నం ముట్టరు. అందుకని ఆ క్యారియర్‌లో ముందు మరిగే నీళ్ళు పోసి, వంచేసి, అప్పుడు పొగలు కక్కే అన్నం, కూర సర్దేదాన్ని. ఏ పనైనా సగం సగం చెయ్యడం నాకు చేతకాదు. ఆయన ఎక్కిన వ్యాను అలా వీధి వీధీ తిరిగి, ఇల్లిల్లూ ఎక్కి దిగి, దొరికిన గొట్టాలన్నీ ఆ బ్యాగులోనే పడేసుకుని, భోజనాల వేళకి సంస్థకి చేరేది.

ఫలితాలు వచ్చాయి. మగవాళ్ళకి తొమ్మిది, పది, పదకొండు. ఆడవాళ్ళకి ఇరవై, ఇరవై రెండు, ఇరవై ఐదు. నాకు ఇరవై నాలుగు. మా అత్తగారికి ఇరవై ఎనిమిది.

పేపర్లో వేశారు. టీవీలో మా ఆయన కోటు వేసుకుని కూర్చుని, ఇంట్లో ఉండే స్త్రీ గుండె మీద కనిపించని బరువు ఉందని చెప్పారు. వాళ్ళకి పూర్తి విశ్రాంతి కావాలన్నారు. కొత్త బరువులేవీ, ముఖ్యంగా బయటి ఉద్యోగాల్లాంటివి, నెత్తిన పెట్టుకోకూడదన్నారు. ఇంట్లో ఉంటేనే ఇరవై నాలుగు ఉన్న మనిషి బయటికి వెళ్తే ఎంతకి పోతుందో ఊహించుకోమన్నారు. ఊళ్ళో సగంమంది మగవాళ్ళు ఆ పేపరు ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నారు. వంట, గిన్నెలు, బట్టలు విశ్రాంతి కిందికే వస్తాయో రావో ఆ ముక్కలో లేదు. అడిగిన వాళ్ళూ లేరు.

మా అత్తగారికి మాత్రం ఆ అంకె అచ్చొచ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడ మోకాలినొప్పిని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఫోనులో చుట్టాలందరికీ చెప్పుకునేందుకు గట్టి జబ్బు దొరికింది.

"మీకెంత వదినగారూ, ఇరవై ఒకటేనా? పాపం, చిన్నదే. నాది ఇరవై ఎనిమిది. ఈ ఏరియాలోనే పెద్దదట, మావాడు చెప్పాడు."

సరిగ్గా ఇలాంటి రోజుల్లో నాకు రైల్వే స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది.

పెళ్ళికి ముందు నుంచే నేను ఆ స్టేషన్‌లో అనౌన్సర్ని. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు నాది. అద్దాల గది, మైకు, కింద కదిలే జనం. నా మాట వినగానే సామాన్లెత్తుకుని ఒక్కసారిగా ఇటు నుంచి అటు మళ్ళేవాళ్ళు. ఇంట్లో నా మాటకి పిల్లి కూడా మళ్ళదు. పిల్లాడు పుట్టాక మానేశాను. వాడు ఇప్పుడు హాస్టల్లో ఉన్నాడు, ఫోన్ చేస్తే ఊఁ, ఆఁ తప్ప మాట్లాడడు. నాకు పని నేర్పిన అక్క ఆరోగ్యం బాగాలేక ఇంటికి వెళ్ళిపోయిందనీ, ఆ కుర్చీ కొన్ని నెలలుగా ఖాళీగా ఉందనీ, వస్తావా అనీ స్టేషన్ మాస్టరుగారు అడిగారు. అక్కకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆవిడ కోసం బాధపడ్డాను. అబద్ధం ఎందుకు, ఎక్కువగా నాకోసం సంతోషపడ్డాను. ఆ రాత్రి వంటగదిలో గిన్నెలు కడుగుతూ అన్ని రైళ్ళనీ వరసగా పిలిచేశాను.

మా ఆయనకి చెప్పాను. ఆయన నా ముఖం కాదు, నా మోచేతి మడత చూశారు. రక్తం తీసే చోటు.

"నీ అంకె ఎంతో గుర్తుందా?" అన్నారు.

"ఉంది. నా బరువు, నా చెప్పుల సైజు కూడా గుర్తున్నాయి. అవి అడిగి ఎవరూ ఉద్యోగం ఆపలేదు."

"నేను ఆపడం లేదు. రిపోర్టు ఆపుతోంది. చేరేముందు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. స్టేషన్ డాక్టరు నా పేపరు చదివిన మనిషి. పదిహేను దాటితే సంతకం పెట్టడు."

అదీ నిజమే. స్టేషన్ డాక్టరుగారు ఆరోగ్యం విషయంలో మహా శ్రద్ధ గల మనిషి. బీపీ చూశారు, గుండె విన్నారు, గొంతులో లైటు వేసి చూశారు, అన్నీ భేష్ అన్నారు. చివర్లో, "హోమోసిస్టీన్ పదిహేను లోపు ఉన్నట్టు మీవారి సంస్థ నుంచి రిపోర్టు తెచ్చుకోండి. వచ్చే నెల మొదటి సోమవారం చేరాలి, ఈలోపు తెస్తే కుర్చీ మీదే. లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం" అన్నారు. సొంత ఇంటి నుంచి రిపోర్టు తెచ్చుకోవడానికి అంత గడువెందుకో ఆయనకి తెలియదు. నాకు తెలుసు.

పథ్యం మొదలైంది. గుడ్లు లేవు, పాలు లేవు, చేప లేదు, మాంసం లేదు. ఉడకబెట్టిన ఆకులు, విటమిన్ మాత్రలు. నోరు చచ్చిపోయింది. వారం వారం డైనింగ్ టేబుల్ దగ్గర రక్తం, జేబురుమాలు, లంచ్ బ్యాగు. ఎండలు ముదిరాయి, వ్యానులో ఏసీ పాడైంది. నా అంకె ఇరవై నాలుగు నుంచి ఇరవై ఐదుకి, అక్కణ్ణుంచి ఇరవై ఏడుకి పోయింది. నేను ఎండిపోతున్నాను, అంకె బలుస్తోంది.

"దొంగతనంగా ఏమైనా తింటున్నావా?" అన్నారు మా ఆయన, పాలగిన్నె దగ్గర దొరికిన పిల్లిని చూసినట్టు నన్ను చూస్తూ.

"తిన్నదాన్నైతే ఇంత నీరసంగా పోట్లాడతానా?" అన్నాను.

ఆయనకి నా మీద కోపం లేదు, నిజంగానే దిగులు. అది చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది. కావాలని అడ్డుపడేవాడితో పోట్లాడవచ్చు. ప్రేమగా అడ్డుపడేవాడితో ఏం పోట్లాడతాం? రాత్రుళ్ళు నా మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంటూ నిద్రపోయేవారు.

అప్పుడే సంస్థలో డైరెక్టరు పదవి ఖాళీ అయింది. మా ఆయనకి ఇంటర్వ్యూ. ఆయన గొప్పంతా గృహిణుల పేపరే కాబట్టి దాన్నే తెరమీద వేసి చెప్పాలనుకున్నారు. అందులో చివరి బొమ్మ ఆయన సొంత రక్తానిది. ఏటా తన అంకె తీసుకుని, నేరుగా పోయే ఒక గీత గీసుకుంటారు. కింద "నియమబద్ధమైన జీవితం" అని రాసుకుంటారు. ఈ ఏడాది చుక్క ఒక్కటే మిగిలింది. అది పెట్టేలోపు ఆయనకి జ్వరం వచ్చి మంచమెక్కారు.

అందుకని ఆయన రక్తం కూడా ఇంట్లోనే తీశారు. వ్యాను ఎప్పటిలాగే వచ్చింది. ఆయన వెళ్ళకపోయినా వ్యానులోవాళ్ళు పస్తులుండకూడదని క్యారియర్ కట్టి ఇచ్చాను, ఎప్పటిలాగే పొగలు కక్కేలా. ఆ బ్యాగులోనే గొట్టం వెళ్ళింది.

సాయంత్రం ల్యాబ్ నుంచి ఫోన్. ఇరవై ఆరు.

మా ఆయన ఫోను గుండెల మీద పెట్టుకుని పైకప్పు వంక చూస్తూ ఉండిపోయారు. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. తర్వాత ఫోను తీసుకుని పక్కగదిలోకి వెళ్ళి, "మావాడికి కూడా వచ్చింది వదినగారూ, ఇరవై ఆరు. నాకన్నా రెండే తక్కువ" అని చెప్పడం వినిపించింది. నేను మాత్రం బెదిరిపోయాను. ఇన్నాళ్ళూ నా అంకెని నేను నమ్మలేదు, పోట్లాటలో ఎదుటివాడి మాటలా తీసిపారేశాను. ఆయన అంకె అయ్యేసరికి ఒక్క క్షణంలో నమ్మేశాను. చేయి పట్టుకుని కూర్చున్నాను. ఆయన, "బ్యాంకు కాగితాలు బీరువా కింద అరలో ఉన్నాయి" అన్నారు. "నోరు ముయ్యండి" అన్నాను, ఏడుస్తూనే.

జ్వరం తగ్గాక మళ్ళీ పరీక్ష చేయిద్దామని ఆయన్ని నేనే ఆటోలో సంస్థకి తీసుకెళ్ళాను. ల్యాబులో పనిచేసే అమ్మాయి ఆయన చేతి నుంచి రక్తం తీసి, తీసిన గొట్టాన్ని తీసినట్టే ఐస్ ముక్కల గిన్నెలో గుచ్చింది. నన్ను చూసి, "మేడం, మీరూ ఇచ్చెయ్యండి. ఎలాగూ మెషిన్ నడుస్తోంది" అంది. ఇచ్చాను. రెండు గొట్టాల్నీ గిర్రున తిప్పే యంత్రంలో వేసింది. పైన తేరిన పసుపు ద్రవాన్ని వేరే గొట్టాల్లోకి తీసింది. మేము బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆయన కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నారు. ఎప్పుడూ దేవుణ్ణి తలచుకోని మనిషి, ఎవరిని బతిమాలుతున్నారో తెలియదు.

ఆయనకి పది వచ్చింది. నాకు తొమ్మిది.

"చూశావా, విశ్రాంతి" అన్నారు మా ఆయన, ముఖం వెలిగిపోతూ. "మంచంలో పడుకున్నాను, దిగిపోయింది."

"మరి నాది?"

"పథ్యం. నే చెప్పలేదూ?"

"మీరు మంచమెక్కిన దగ్గర్నుంచీ నేను పథ్యం చెయ్యలేదండీ. అడిగేవాళ్ళు లేరు కదా అని నేనూ అత్తయ్యగారూ రోజూ గుడ్లు తిన్నాం. నిన్న నాలుగు తిన్నాను. విశ్రాంతి మాట కూడా చెప్పనా? మీ దుప్పట్లు ఉతకడం, మీ సేవ, రాత్రి జాగారం. అయినా ఆ పెద్ద అంకె మీకు రాలేదు, నాకు రాలేదు. ఇక్కడ ఇస్తే ఎవరికీ రాలేదు. ఇంట్లో ఇస్తే అందరికీ వచ్చింది. మీకు కూడా."

తెలివైన మనిషి, నేను వాక్యం పూర్తిచేసేలోపే అందులో ఏముందో ఆయనకి ఎక్కేసింది. ముఖంలో రక్తం ఇంకిపోవడం నా కళ్ళతో చూశాను. నెమ్మదిగా లేచి తన గదిలోకి నడిచారు, వెనకే నేను. తలుపు వేసి, అప్పుడు నోరు విప్పారు.

"తీసిన వెంటనే ఐస్‌లో పెట్టాలి. గంట లోపు ద్రవం వేరు చెయ్యాలి. లేకపోతే గొట్టంలో ఎర్రకణాలు వాటి పని అవి చేసుకుపోతూనే ఉంటాయి, హోమోసిస్టీన్ వదులుతూనే ఉంటాయి. వేడి తగిలితే మరీను."

"ఇది మీరిప్పుడు కనిపెట్టారా?"

"లేదు. అందరికీ తెలిసిందే. కిట్టు డబ్బా మీద మొదటి లైన్లోనే ఉంటుంది."

"మరి వ్యానుకి ఐస్ పెట్టె ఇవ్వలేదా వీళ్ళు?"

"ఇచ్చారు."

ఆయన చూపు వెళ్ళిన వైపు చూశాను. బీరువా మీద తెల్లటి పెట్టె, నీలం మూత, భుజానికి తగిలించుకునే పట్టీ. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. కవరు మీద దుమ్ము, దుమ్ము కింద స్టాకు నంబరు.

"నా పేరు మీద ఉంది" అన్నారు. "వ్యానులో పెడితే మూత విరగ్గొడతారు, పట్టీ తెంపుతారు. రిటైరయ్యేటప్పుడు అప్పజెప్పాల్సింది నేను కదా."

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో టీవీ రిమోట్‌కి కవరు తియ్యనివ్వని మనిషి. సోఫాకి గుడ్డ, ఆ గుడ్డకి ఇంకో గుడ్డ. ఆయన జాగ్రత్త తెలిసి తెలిసి కూడా అది నా గుండెజబ్బు దాకా వస్తుందని అనుకోలేదు.

"పేపర్లో ఐస్‌లో పెట్టామని రాశారా?"

"అందరూ అలాగే రాస్తారు" అన్నారు, నేల చూపులు చూస్తూ.

తర్వాత కాళ్ళబేరానికి వచ్చారు. ఇంటర్వ్యూ వచ్చే శుక్రవారం. అప్పటిదాకా నోరు విప్పొద్దన్నారు. డైరెక్టరయ్యాక మెల్లగా తనే సరిదిద్దుకుంటానన్నారు. అంతేకాదు, నాకు కావలసింది నాకిస్తానన్నారు. టేబుల్ ముందు కూర్చుని అప్పటికప్పుడు రిపోర్టు రాసి సంతకం పెట్టేశారు. మా చికిత్స వల్ల ఇరవై ఏడు నుంచి తొమ్మిదికి తగ్గింది, ఉద్యోగానికి అన్ని విధాలా అర్హురాలు, అని.

"సోమవారం నువ్వు చేరు. శుక్రవారం నేను చేరతాను. ఎవరికీ నష్టం లేదు" అన్నారు.

ఆ కాగితం తీసుకున్నాను. ఎందుకు తీసుకోను? అందులో అంకె నిజమైనదే, అబద్ధమల్లా దాని చుట్టూ ఉన్న మాటలు. మా ఆయన పరువు మీద నాకూ ప్రేమ ఉంది, అద్దాల గది మీద అంతకంటే ఎక్కువ ఉంది. మర్నాడే మంచి చీర కట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాను.

డాక్టరుగారి గది బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది.

మొదట గుర్తుపట్టలేదు. నిండుగా ఉండే మనిషి, బుగ్గలు పీక్కుపోయి, మెడకి శాలువా చుట్టుకుని ఉంది. రైలు ఆలస్యమని చెప్పేటప్పుడు గొంతులో క్షమాపణ ఉండాలి గానీ తప్పు నీదే అన్నట్టు ఉండకూడదని నాకు నేర్పిన మనిషి. నన్ను చూసి నవ్వింది.

"నా కుర్చీలోకి నువ్వొస్తున్నావని విన్నానే. మంచిదే. కొత్తవాళ్ళెవరో వచ్చి ఊళ్ళ పేర్లు పాడుచెయ్యకుండా."

"ఏమైందక్కా నీకు?"

"ఏమో. నాకైతే ఏమీ తెలియలేదు. వ్యాను వచ్చి స్టేషన్‌లో ఆడవాళ్ళందరికీ రక్తం తీసింది. నాకు ఇరవై మూడట. ఇంట్లో ఉండేవాళ్ళకే అంత ప్రమాదమైతే, ఉద్యోగంలో ఉన్న నీకు ఇంకా ప్రమాదం అని ఇంటికి పంపేశారు. ఎప్పటికైనా తగ్గుతుందేమోనని నెల నెలా వచ్చి అడుగుతున్నాను." నా చేయి పట్టుకుంది. "మీ ఆయన్ని ఒక్క మాట అనుకోలేదు. నా ప్రాణం కాపాడారనే అనుకుంటున్నాను. కాకపోతే ఆ ఆకులు తిని తిని గొంతులో పస పోయిందే. ఫోన్లో కూడా మాట్లాడబుద్ధి కావడం లేదు."

నా పేరు పిలిచారు. లోపలికి వెళ్ళాను. ఇప్పుడు దాచడమెందుకు, నోరు మూసుకునే వెళ్ళాను. ఈ కుర్చీ మళ్ళీ ఎప్పుడో గానీ ఖాళీ కాదు. అక్కకి రిటైర్మెంట్ దగ్గర పడింది, నాకేమో ఇంకా చాలా వయసుంది, ఇలా ఏవేవో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. డాక్టరుగారు రిపోర్టు చూసి ఎంత సంతోషపడ్డారంటే, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అంటే చికిత్స పనిచేస్తుందన్నమాట. బయట ఉన్నావిడకి చెప్పాలి. ఇంకో ఏడాది ఇదే పథ్యం గట్టిగా చేయిస్తాను" అంటూ స్టాంపు తీశారు.

ఇంకో ఏడాది అనే మాట దగ్గర నా వల్ల కాలేదు.

"ఆగండి డాక్టరుగారూ" అన్నాను. "స్టాంపు తర్వాత వేద్దురుగాని. ముందు బయట ఉన్నావిడ రక్తం మళ్ళీ తీయించండి. ఐస్‌లో పెట్టి, వెంటనే."

మొత్తం చెప్పేశాను. వ్యాను, ఎండ, జేబురుమాలు, నా క్యారియర్, బీరువా మీద పెట్టె. డాక్టరుగారు స్టాంపు పక్కన పెట్టి అడిగారు.

"ఆవిడకి తగ్గిందని తేలితే కుర్చీ ఆవిడదేనని మీకు తెలుసా?"

"తెలుసు."

"ఈ సంగతి మీవారికి?"

"సాయంత్రం తెలుస్తుంది."

కూల్ డ్రింకుల దుకాణం నుంచి ఐస్ తెప్పించారు. స్టేషన్ ఎదురుగా ఉన్న ల్యాబుకి డాక్టరుగారే గొట్టాన్ని గిన్నెలో పెట్టుకుని, రోడ్డు దాటి, మా ముందు నడిచారు. అక్కకి పదకొండు వచ్చింది. అది పూర్తిగా అర్థం కావడానికి ఆవిడకి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నన్ను చూసింది. శాలువా తీసి నా చేతిలో పెట్టి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నేను ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. కాసేపటికి మైకు గరగరలాడింది. అక్క గొంతు వచ్చింది, కాస్త బొంగురుగా, మొదటి మాట దగ్గర తడబడి, రెండో మాటకి నిలదొక్కుకుని. జనం సామాన్లెత్తుకుని మళ్ళారు. నాకు సంతోషం వేసింది. కడుపు కూడా మండింది. రెండూ ఒకేసారి, ఏది ముందో చెప్పలేను. అక్కడే శాలువాలో ముఖం పెట్టుకుని కాసేపు ఏడ్చి ఇంటికి వచ్చేశాను.

మా ఆయనకి చెప్పాను. ఆయన సోఫాలో కూర్చుని తల పట్టుకున్నారు. "ఇప్పుడు నా ఇంటర్వ్యూ సంగతేంటి?" అన్నారు.

ఆ ఒక్కటే అడిగారు.

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు పొద్దున ముఖం తేటపడింది, నాకప్పుడే అనుమానం వచ్చింది. శుక్రవారం ఇంటర్వ్యూలో గృహిణుల పేపరుని ఆయనే తెరమీద వేసి, ఆయనే ముక్కలు చేశారట. రక్తం నిల్వ చెయ్యడంలో ఎంత పెద్ద ప్రమాదం దాగి ఉందో సొంత ఇంటి మీదే ప్రయోగం చేసి కనిపెట్టానన్నారట. తన తప్పు తానే బయటపెట్టుకున్న శాస్త్రవేత్తని మేమింతవరకు చూడలేదని కమిటీ వాళ్ళు లేచి నిలబడి చేతులు కలిపారట. డైరెక్టరయ్యారు. ఇప్పుడాయన కొత్త పరిశోధన మధ్యాహ్న భోజనం వేడి రక్త నమూనాలని ఎంత పాడుచేస్తుందన్నది. దానికి మొదటిదానికంటే ఎక్కువ పేరు వచ్చింది. ఆ పేపరు చివర కృతజ్ఞతల్లో "సహకరించిన ఒక గృహిణికి" అని ఉంది. మా అత్తగారి అంకె మళ్ళీ తీస్తే పన్నెండు. ఆవిడ ఒప్పుకోలేదు. కొత్త మెషిను మంచిది కాదంటున్నారు.

నేను రైల్వే స్టేషన్ నుంచి వచ్చేసిన వారంలోనే బస్టాండు వాళ్ళకి అనౌన్సరు కావాలని తెలిసింది. వాళ్ళు గొంతు విన్నారు, రక్తం అడగలేదు. అద్దాల గది లేదు, ఒక రేకుల గది, పాత మైకు. పొద్దున ఆయన వెళ్ళాక వెళ్తాను, ఆయన వచ్చేలోపు వచ్చేస్తాను. అత్తగారికి తెలుసు. "వాడు అడిగినప్పుడు చెప్దువుగాని" అన్నారు.

చేరి ఏడాది దాటింది. ఆయన ఇంకా అడగలేదు.